సంస్కృత వార్తల వెనక తెలుగు వార్తలు: ఆకాశవాణిలో వైవిధ్యం ఎలా ఏర్పడింది

1980లలో తెలుగునాట ఉదయాన్నే రేడియో మోగే ఇళ్లలో ఏడు కావడానికి 5 నిమిషాల ముందు ‘ఇయం ఆకాశవాణీ, సంప్రతి వార్తాః శ్రూయంతాం, ప్రవాచకః బలదేవానంద సాగరః’ అన్న గొంతు వినపడేది. 1974 జూన్ 30న మొదలైన ఆ సంస్కృత వార్తలను పూర్తిగా అర్థం చేసుకోగలిగినవారు వీధికి ఒకరిద్దరు ఉంటే గొప్ప. అయినా వీధంతా వినేది. అంతకుముందే భక్తిరంజనిలో ఒక తత్వమో కీర్తనో అయిపోయి ఉండేది, ఆ వెనకే ఢిల్లీ నుంచి తెలుగు వార్తలు రావాలి, మధ్యలో సెట్టు కట్టేసి మళ్లీ పెట్టే ఓపిక ఎవరికీ ఉండేది కాదు. పొయ్యి మీద పాలు కనిపెట్టుకుని ఉన్నవారికి, పలుపు విప్పి గేదెను బయటికి తోలేవారికి, బడికి తల దువ్వించుకునే పిల్లలకు ఆ 5 నిమిషాలు వార్తలుగా కన్నా గడియారంగానే ఎక్కువ పనికొచ్చాయి. సంస్కృతం ఒక్క ముక్క రానివారు కూడా ఆ మొదటి వాక్యాన్ని ఈనాటికీ తడుముకోకుండా అప్పజెప్పగలుగుతున్నారంటే దానికి కారణం భాషాభిమానమనుకోవడం పొరపాటు. అది ప్రసార క్రమం చేసిన పని.

ప్రజాప్రసార రేడియోలోని వైవిధ్యం ప్రస్తావనకు వచ్చినప్పుడు మామూలుగా లెక్కలు చెబుతారు. ఆకాశవాణి 23 భాషల్లో, 179 మాండలికాల్లో ప్రసారం చేస్తుందని, దేశ జనాభాలో 99 శాతానికి పైగా అందుతుందని ఆ సంస్థ చెప్పుకునే లెక్క. అది దేశపటం ముందు పెట్టుకున్నవారికి కనిపించే వైవిధ్యం. విజయవాడ కేంద్రం ఒక్కటే స్పష్టంగా పలికే సెట్టున్న ఉయ్యూరు రైతుకు ఆ 23 భాషలతో నిమిత్తం లేదు. అతనికి అందిన వైవిధ్యం వేరు. తనకు కావలసిన ఒక్క కార్యక్రమానికి ముందూ వెనకా తాను కోరనివి నాలుగు వినవలసి రావడమే ఆ వైవిధ్యం. వార్తలు, కచేరీ, నాటకం, పొలం పనులు, వంటిల్లు, పాఠాలు, ఉద్యోగ ప్రకటనలు ఒకే మీటరు మీద వరసగా రావడం వల్ల ఒకరి కోసం చేసిన కార్యక్రమం మరొకరి చెవిన పడేది. తెలుగు సమాజానికి ఆకాశవాణి వల్ల కలిగిన మేలులో, అలాగే దాని లోపాల్లో, పెద్దభాగం ఈ వరసలోంచే పుట్టింది.

ఆ వరస దానంతట అది ఏర్పడలేదు. కేంద్రాల్లో దానిని ఫిక్స్‌డ్ పాయింట్ చార్ట్ అంటారు. ఏ వారం ఏ వేళకు ఏ రకం కార్యక్రమం రావాలో ముందే గీసిపెట్టిన పట్టిక అది. మాట్లాడే మనిషి మారవచ్చు, విషయం మారవచ్చు, గడి మాత్రం కదలదు. ఆ పట్టికలోంచి ఏ రోజుకు ఆ రోజు క్యూషీట్ తయారవుతుంది. అనౌన్సరు దానిని ఎదురుగా పెట్టుకుని స్టూడియోలో కూర్చుంటే, డ్యూటీరూములోని అధికారి ప్రసారమయ్యే ప్రతి అంశాన్నీ వింటూ ఎక్కడ ఆలస్యమైందో, ఎక్కడ గొంతు తడబడిందో, ఎక్కడ శబ్దం తెగిందో పుస్తకంలో రాస్తాడు. 15 నిమిషాలకని పిలిచిన ప్రసంగకర్త 13 నిమిషాలకే ముగిస్తే మిగిలిన 2 నిమిషాలు ఊరికే పోనివ్వరు. వీణో వేణువో క్లారినెట్టో వేసి నింపుతారు. కేంద్రంలో దీని పేరు ఫిల్లరు. జన్మలో కచేరీ గడప తొక్కని ఎంతోమంది చెవికి రాగమనేది మొదటిసారి తగిలింది ఇలాంటి అతుకుల్లోనే. ప్రతి ప్రసారం మొదట్లో వినిపించే ‘406.5 మీటర్లు, అంటే 738 కిలోహెర్ట్జ్’ అన్న హైదరాబాదు కేంద్రం ప్రకటన, ‘358.4 మీటర్లు, అంటే 837 కిలోహెర్ట్జ్’ అన్న విజయవాడ ప్రకటన కూడా ఈ తంతులో భాగమే. ఏ కేంద్రానివైనా ఆ రెండు అంకెలనూ గుణిస్తే దాదాపు 3 లక్షలు వస్తుంది, కిలోమీటర్లలో సెకనుకు కాంతి వేగం అంతే. ఈ సంగతి తరగతిలో చెప్పిన భౌతికశాస్త్రం మాస్టార్లు కొందరైనా ఉండే ఉంటారు.

తెలుగు కేంద్రాలు ఒక్కొక్కటి ఒక్కో నేపథ్యంలోంచి వచ్చాయి కాబట్టి ఈ పట్టికలు కూడా అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉండవు. 1927లో బొంబాయి, కలకత్తాల్లో మొదలైన ప్రైవేటు ప్రసార కంపెనీ మూడేళ్లకే చేతులెత్తేయడంతో ప్రభుత్వం చేపట్టింది; 1936లో దానికి ఆలిండియా రేడియో అని పేరు పెట్టింది. 1938 జూన్ 16న ప్రారంభమైన మద్రాసు కేంద్రం తమిళంతో పాటు తెలుగుకూ ఇల్లయింది. హైదరాబాదులో 1933లో ఒక వ్యక్తి సొంతంగా పెట్టిన స్టేషనును నిజాం ప్రభుత్వం 1935లో తీసుకుని దక్కన్ రేడియోగా నడిపింది. దాని ప్రధాన భాష ఉర్దూ. 1950 ఏప్రిల్ 1న అది ఆలిండియా రేడియోలో కలిసింది, అయితే ఆ పాత ఇంటి వాసన పోలేదు, నైరంగ్ అనే ఉర్దూ కార్యక్రమం హైదరాబాదు కేంద్రంలో కొనసాగుతూ వచ్చింది. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న, విశాఖపట్నం, కడప కేంద్రాలు 1963లో వచ్చాయి. మద్రాసు నుంచి వచ్చిన సాహిత్య సంగీత వాతావరణం విజయవాడకు ఎక్కువ అబ్బితే, హైదరాబాదు కేంద్రం రెండు భాషల నగరానికి, కొత్త రాష్ట్ర రాజధానికి తగినట్టు తనను మలుచుకుంది.

ఈ వరసలో అందరూ చెవి ఒగ్గి వినేది వార్తలు. ఢిల్లీ నుంచి వెలువడిన తెలుగు వార్తల తయారీ తీరు తెలిస్తే ఆ భాష అలా ఎందుకుండేదో అర్థమవుతుంది. కేంద్ర వార్తా విభాగంలో అన్ని భాషలకూ ఉమ్మడిగా ఇంగ్లీషులో ఒక ప్రతి తయారయ్యేది, దానిని పూల్ అనేవారు. భాషా విభాగాల్లో పనిచేసేవారి హోదా పేరే న్యూస్ రీడర్ కమ్ ట్రాన్స్‌లేటర్, అంటే అనువదించేదీ చదివేదీ ఒకే మనిషి. అందులో కొన్ని అంశాలు చివరి నిమిషంలో వచ్చేవి. జోలెపాళెం మంగమ్మ, పన్యాల రంగనాథరావు, ఏడిద గోపాలరావు వంటివారి గొంతులు తెలుగువారికి పరిచయమైనంతగా వారి అనువాదపు పని పరిచయం కాలేదు. మదనపల్లెకు చెందిన మంగమ్మ తెలుగులో వార్తలు చదివిన తొలి మహిళగా పేరు పొందారు, తరువాత చరిత్ర పరిశోధన వైపు వెళ్లారు. ఏడిద గోపాలరావు ఢిల్లీ నుంచే కాక మాస్కో రేడియో నుంచి కూడా తెలుగు వినిపించారు.

ఈ అనువాదంలోని చిక్కు తెలుగు వాక్యంలోనే ఉంది. క్రియ చివర్న వస్తుంది, కాదూ లేదూ అన్నది దానితో పాటే చివర్న తేలుతుంది. ఉదాహరణకు, ‘కొత్త సాగునీటి పథకాలకు ఈ ఏడాది అదనపు నిధులు కేటాయించే ప్రతిపాదన ఏదీ ప్రభుత్వ పరిశీలనలో లేదని మంత్రి లోక్‌సభలో చెప్పారు’ అన్న వాక్యాన్ని పత్రికలో చదివితే ఇబ్బంది లేదు, కన్ను వెనక్కి వెళ్లి చూసుకోగలదు. చెవికి ఆ వెసులుబాటు లేదు. ‘అదనపు నిధులు కేటాయించే ప్రతిపాదన’ వరకు విన్న రైతు నిధులు వస్తున్నాయనుకుని పక్కవాడికి చెప్పబోతే, ఆ లోపు ‘లేదని’ వచ్చి పడుతుంది. అందుకే రేడియో వార్త దానిని రెండు ముక్కలు చేసింది: ‘సాగునీటి పథకాలకు అదనపు నిధులు ఉండవు. ఈ సంగతి మంత్రి ఇవాళ లోక్‌సభలో చెప్పారు.’ ఒక్కో అంశానికి రెండు మూడు చిన్న వాక్యాలు, ఊపిరి తీసుకునే చోటు, పేరుకు ముందు హోదా, అంకెలను దగ్గరి గుండ్రటి సంఖ్యకు సరిచేసి చెప్పడం వంటి అలవాట్లు ఈ అవసరంలోంచే వచ్చాయి. ‘చెప్పడం జరిగింది’, ‘పరిస్థితి కనిపిస్తోంది’ వంటి ఈనాటి టీవీ వాక్యాల పక్కన పెట్టి చూస్తే, 10 నిమిషాల బులెటిన్‌లో ఒక్క మాట వృథా పోనివ్వని ఆ క్రమశిక్షణ విలువ తెలుస్తుంది.

అయితే ఆ వార్తల్లో ఏముండేది, ఏముండేది కాదు అన్నది వేరే ప్రశ్న. 1997 నవంబరు దాకా ఆకాశవాణి నేరుగా ప్రభుత్వ శాఖలో భాగం. మిత్రదేశాలను విమర్శించకూడదు, మతాలను కించపరచకూడదు అంటూ సాగే ప్రసార నియమావళి ఒకవైపు, పైనుంచి వచ్చే సూచన మరోవైపు వార్త హద్దులను నిర్ణయించేవి. 1975 నుంచి 1977 దాకా ఎమర్జెన్సీ కాలంలో ఆ హద్దులు ఎంత ఇరుకవుతాయో దేశమంతా విన్నది. ఆ తరువాత వేసిన వర్గీస్ కమిటీ ఆకాశ్ భారతి పేరుతో స్వతంత్ర సంస్థ ఉండాలని 1978లో సిఫారసు చేస్తే, పార్లమెంటు ప్రసార భారతి చట్టాన్ని 1990లో చేసింది, అది అమలులోకి రావడానికి మరో ఏడేళ్లు పట్టింది. స్వయంప్రతిపత్తి కాగితం మీద వచ్చినంతగా వార్తల గదిలోకి రాలేదన్నది చాలాకాలంగా ఉన్న విమర్శ, అందులో నిజం ఉంది. ఇంకో విచిత్రం కూడా ఉంది. ప్రసార తరంగాలు ప్రజల ఆస్తి అని సుప్రీంకోర్టు 1995లో తీర్పు ఇచ్చినా, 2001 నుంచి ప్రైవేటు ఎఫ్ఎంలు వచ్చినా, సొంతంగా వార్తలు చెప్పుకునే అనుమతి వాటికి రాలేదు. ఆకాశవాణి బులెటిన్‌ను మార్చకుండా వినిపించడానికి మాత్రమే వీలు కల్పించారు. తెలుగులో దినపత్రికలు, వార్తా చానెళ్లు లెక్కకు మిక్కిలిగా ఉండగా, రేడియోలో వార్తల విషయంలో ఈనాటికీ ఆకాశవాణికి పోటీ లేదు. మిగతా అన్ని కార్యక్రమాల్లో వైవిధ్యాన్ని సాధించిన వ్యవస్థ, అది అన్నిటికన్నా అవసరమైన చోట ఒక్క గొంతుతో మిగిలింది.

సంస్కృతి విషయంలో కథ ఇంకొంచెం మెలికలు తిరిగింది. 1952లో సమాచార ప్రసార శాఖ చేపట్టిన బి.వి. కేస్కర్‌కు సినిమా పాట గిట్టేది కాదు. శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి సినిమా పాటల సమయాన్ని కుదించడంతో శ్రోతలు ఆకాశవాణిని వదిలి శ్రీలంకలోని రేడియో సిలోన్ వైపు ముల్లు తిప్పారు. తెలుగువారైతే అక్కడి అనౌన్సరు మీనాక్షి పొన్నుదురై ప్రకటనల మధ్య తెలుగు సినిమా పాటలు వినడానికి ఆ గరగర శబ్దాన్ని కూడా భరించారు. చివరకు 1957 అక్టోబరు 3న వివిధ భారతి పెట్టక తప్పలేదు. శ్రోత ముల్లు తిప్పి చెప్పిన మాటకు ప్రభుత్వం దిగివచ్చిన సందర్భాల్లో ఇదొకటి. అయితే కేస్కర్ పట్టుదల వల్లనే మరో సంగతి జరిగింది. సినిమా పాటకు బదులుగా కేంద్రాలు సొంతంగా పాటలు తయారు చేసుకోవాలన్నారు. సంగీత సాహిత్యాల్లో పేరున్నవారిని ప్రొడ్యూసర్లుగా తీసుకునే పద్ధతి పెట్టారు. ఉద్యోగ అర్హతల పట్టికలో ఎన్నడూ ఇమడనివారు దీనివల్ల కేంద్రాల్లోకి వచ్చారు. తెలుగులో లలిత సంగీతం అని మనం పిలిచేది ఒక ప్రక్రియగా నిలబడింది ఈ కారణంగానే. దేవులపల్లి కృష్ణశాస్త్రి రాసి, బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారు బాణీలు కట్టిన పాటలను వారాల తరబడి నేర్పుతూ వినిపిస్తే, తెలుగు ఇళ్లలో ఆడపిల్లలు నోటుపుస్తకాల్లో రాసుకుని నేర్చుకున్నారు.

ఒకప్పుడు హైదరాబాదు, విజయవాడ కేంద్రాల హాజరుపట్టీ చదివితే తెలుగు సాహిత్య చరిత్రలో ఒక అధ్యాయం చదివినట్టుండేది. స్థానం నరసింహారావు, గోపీచంద్, బుచ్చిబాబు, దాశరథి, మునిమాణిక్యం, బందా కనకలింగేశ్వరరావు ఏదో ఒక హోదాలో, కొంతకాలమో చాలాకాలమో అక్కడ పనిచేసినవారే. రావూరి భరద్వాజకు పెద్ద చదువులు లేవు, పొట్టకూటికి రకరకాల పనులు చేశారు, ఆకాశవాణిలో కుదురుకున్నారు. 2012 సంవత్సరానికి జ్ఞానపీఠ పురస్కారం ఆయనకు వచ్చింది. సంగీత విభాగంలో నెలజీతానికి ఉండే వాద్యకారులను, గాయకులను నిలయ విద్వాంసులు అనేవారు. ఎంత చక్కని మాట! రాజాస్థానం పోయాక విద్వాంసుడికి ఆస్థానం ఎక్కడన్న ప్రశ్నకు అది ప్రభుత్వం ఇచ్చిన జవాబు. విజయవాడలో రజనీకాంతరావు, మంగళంపల్లి బాలమురళీకృష్ణ వంటివారి చేతుల్లో పెరిగిన భక్తిరంజని కీర్తనలను కచేరీ వేదిక నుంచి వంటింటి గూట్లోకి దింపింది. ఉషశ్రీ రామాయణ భారతాలు చెబుతూ, ధర్మసందేహాలకు జవాబులిస్తూ, పండితుడి విషయాన్ని అరుగు మీద కూర్చున్నవాడి గొంతుతో చెప్పే ఒక వచన శైలిని తయారు చేశారు. సందేహం అడిగినవారిని ఆయన అప్పుడప్పుడు మెత్తగా విసుక్కునేవారు కూడా, శ్రోతలకు అది నచ్చేది. భద్రాచలంలో శ్రీరామనవమి నాటి కల్యాణం ప్రత్యక్ష వ్యాఖ్యానం ఏ ఇంట్లో వినపడుతుంటే ఆ ఇంట్లో పానకం బిందె దగ్గర జనం చేరేవారు.

ఈ ఆదరణకు రెండో ముఖం కూడా ఉంది. ఎవరు పాడవచ్చు, ఏ వాద్యం వినపడవచ్చు అన్నది ఒక బల్ల చుట్టూ కూర్చున్నవారు తేల్చేవారు. స్వర పరీక్ష నెగ్గి గ్రేడు వస్తేనే అవకాశం. 1940లో హార్మోనియాన్ని భారతీయ సంగీతానికి పనికిరానిదని వెలి వేస్తే, ఆ నిషేధం సడలడానికి దాదాపు మూడు దశాబ్దాలు పట్టింది. హార్మోనియం పెట్టె లేకుండా రంగస్థలం మీద పద్యం ఎత్తుకోవడం ఊహించలేని తెలుగు నాటకానికి ఇది చిన్న దెబ్బ కాదు. జానపద సంగీతానికి గడి ఉండేది గానీ అది చిన్న గడి. బుర్రకథ, ఒగ్గుకథ వంటివి రాత్రంతా సాగే కళలు, వాటిని అరగంటకు కోయడమంటే ప్రాణం ఉన్నచోట కత్తెర వేయడమే.

రోజువారీ బతుకును చెప్పే కార్యక్రమాల్లో మరో పద్ధతి కనిపిస్తుంది. వార్తలు చదివేవారు ఎవరికీ ఏమీ కారు, పేరు చెప్పి చదివి వెళ్లిపోతారు. మిగతా చోట్ల మాత్రం రేడియో శ్రోతతో చుట్టరికం కలుపుకుంది. న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు మద్రాసులో, తరువాత హైదరాబాదులో బాలానందం నడిపి రెండు తరాల పిల్లలకు రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య అయ్యారు. తరువాతి కాలంలో తురగా జానకీరాణిని పిల్లలు రేడియో అక్కయ్య అనే పిలిచారు. కార్మికుల కార్యక్రమంలో చిన్నక్క, ఏకాంబరం, రాంబాబు అనే పాత్రలు ఉండేవి. ప్రావిడెంట్ ఫండ్ నిబంధన గానీ, చిన్న మొత్తాల పొదుపు గానీ, కుటుంబ నియంత్రణ గానీ వారి వాదులాటలోంచే బయటికి రావాలి. సర్క్యులర్‌లోని విషయమే, కానీ చిన్నక్క దెప్పితే వినబుద్ధవుతుంది. ఇంటి పెద్దలా ఆజ్ఞాపించకుండా, ఇంటి మనిషిలా నస పెట్టే ఈ తీరు తెలుగు కేంద్రాలు కనిపెట్టిన మంచి ఉపాయం. మధ్యాహ్నపు స్త్రీల కార్యక్రమం పేరుకు వంటలు, అల్లికల కోసమే అయినా, చదువు మధ్యలో ఆగిపోయిన గృహిణులు కథలు రాసి పంపడానికి, తమ గొంతు తామే వినడానికి అది మొదటి చోటు. రచయిత్రులుగా తరువాత పేరు తెచ్చుకున్నవారిలో చాలామంది తొలి పారితోషికం ఆకాశవాణి చెక్కే.

పొలం కార్యక్రమానికి ఇంకాస్త పొడుగు చరిత్ర ఉంది. 1956లో పుణె కేంద్రం యునెస్కో తోడ్పాటుతో 5 జిల్లాల్లోని 150 గ్రామాల్లో రేడియో రైతు సంఘాలను ఏర్పరచింది. పది వారాల పాటు వారానికి రెండుసార్లు అరగంట వినడం, విన్నదాని మీద చర్చించడం, కుదిరితే ఆచరించడం, వచ్చిన సందేహాలను తిరిగి కేంద్రానికి రాయడం ఆ పద్ధతి. ఫలితాలు బాగుండటంతో 1959 నుంచి దేశమంతా విస్తరించారు. 1966లో కేంద్రాల్లో వ్యవసాయ గృహ విభాగాలు వచ్చాయి, హరితవిప్లవం కూడా అదే సమయంలో మొదలైంది. తంజావూరు ప్రాంతంలో ఏడీటీ 27 అనే కొత్త వరి రకానికి రైతులు పెట్టుకున్న పేరు రేడియో వడ్లు. తెలుగు కేంద్రాల్లో ఈ పని ఎక్కువగా ఇద్దరి మాటల రూపంలో జరిగింది. ఎదుట కూర్చున్న శాస్త్రవేత్త ‘పిలకలు తొడిగే దశలో సుడిదోమ ఆశించినట్లయితే సిఫారసు చేసిన మోతాదులో పిచికారీ చేయాలి’ అంటాడు. రెండోవైపున్న కేంద్రం మనిషి పని, ‘అంటే దుబ్బు మొదట్లో చూడాలంటారు. మరి నీళ్లు తీసేసి కొట్టాలా, ఉండగా కొట్టాలాండీ? డబ్బాకు ఎంత పోసుకోవాలి?’ అని అడగడం. పొలం గట్టు మీద నిలబడినవాడికి వచ్చే ప్రశ్నలన్నీ స్టూడియోలో ముందే అడిగేసేవాడు మంచి సమన్వయకర్త. పంచాయతీ కార్యాలయం మీది లౌడ్‌స్పీకరులో ఇది మోగుతుంటే, పొలం లేని చాకలీ, బడి పంతులూ, కిళ్లీ కొట్టువాడూ కూడా వినవలసిందే. ఊళ్లో ఎవరి చేను ఏ తెగులుతో పోయిందో అందరికీ తెలిసిన భాషలో మాట్లాడుకోగలగడానికి ఇదొక కారణం.

ఈ క్రమంలో చోటు దొరకనివారు ఎవరంటే, రేడియో తెలుగు మాట్లాడనివారు. శిష్ట వ్యావహారికం పేరుతో రేడియోలో స్థిరపడిన తెలుగు ప్రధానంగా కృష్ణా గోదావరి జిల్లాల చదువుకున్నవారి తెలుగు. తెలంగాణ, రాయలసీమ, ఉత్తరాంధ్ర పలుకుబడులు నాటికల్లో హాస్యానికో, పొలం కార్యక్రమంలో పాత్రకో వచ్చేవి. వార్తకో సాహిత్య ప్రసంగానికో రావడం అరుదు. స్థానిక కేంద్రాలు దీనిని కొంత సరిచేశాయి. 1986లో మొదలైన ఆదిలాబాదు కేంద్రం గోండి వంటి ఆదివాసీ భాషలకు సమయం ఇచ్చింది. అయినా పట్టిక గీసేది కేంద్రంలోనివారే. పట్టికను శ్రోతల చేతికే ఇస్తే ఏమవుతుందో 2008 అక్టోబరు 15న మొదలైన సంఘం రేడియో చూపించింది. జహీరాబాదు దగ్గర మాచ్‌నూరులో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు నడిపే ఈ స్టేషనులో మైకు ముందూ మిషను ముందూ ఆ ఊళ్ల దళిత స్త్రీలే. కొర్రలు, సామలు, విత్తనాల దాపుడు, పండుగ పాటలు, ఆడవాళ్ల ఆరోగ్యం అన్నీ వారి పలుకుబడిలోనే సాగుతాయి. ఇది ప్రభుత్వ రేడియో కాదు, సముదాయ రేడియో. పరిధి కొద్ది కిలోమీటర్లే. వార్తలు చెప్పే స్వేచ్ఛ దానికీ లేదు. కానీ చిన్నక్క పాత్రను వేరేవారు పోషించనక్కరలేదని, చిన్నక్కే వచ్చి మాట్లాడగలదని అది నిరూపించింది.

మీడియం వేవ్ నుంచి ఎఫ్ఎంకు మారడంతో పాత వరస విడిపోయింది. ధ్వని శుభ్రమైంది, చేరే దూరం తగ్గింది. సినిమా పాటలకు వివిధ భారతి, పట్టణ యువతకు ఆకాశవాణి ఎఫ్ఎం రెయిన్‌బో, మిగతావన్నీ పాత కేంద్రానికి అన్నట్టు రకాలు వేరుపడ్డాయి. పాటలు కావలసినవారు పాటల దగ్గరే ఆగిపోతారు, పొలం కార్యక్రమం దాకా రారు. ఎవరికి కావలసినది వారికి దొరకడం సౌకర్యమే, అందులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. కానీ కోరనిది చెవిన పడే అవకాశం దానితోనే పోయింది. రేడియో లైసెన్సు కోసం పోస్టాఫీసుకు వెళ్లి చిన్న పుస్తకంలో స్టాంపు అంటించుకునే పద్ధతి 1980ల మధ్యలోనే ఎత్తేశారు. పదవీ విరమణ చేసిన ప్రొడ్యూసర్లు, నిలయ విద్వాంసుల స్థానంలో కొత్తవారు రావడం మందగించింది; చాలాచోట్ల రోజుకింత అని తీసుకునే తాత్కాలిక అనౌన్సర్ల మీద బండి నడుస్తోంది. పాత టేపుల్లోంచి ఏరి యూట్యూబులో పెట్టిన నాటకాలకు, ఉషశ్రీ ప్రవచనాలకు వినేవారు బాగానే ఉన్నారు. అయితే అక్కడ నాటకం ముందు ధరవరలు ఉండవు, ప్రవచనం వెనక వాతావరణ సూచన ఉండదు.

ఆ వరసను చెడగొట్టకుండా ఉంచింది, విచిత్రంగా, ఫోను. ఆకాశవాణి న్యూస్ ఆన్ ఎయిర్ యాప్‌లో తెలుగు కేంద్రాల ప్రసారం ఉన్నదున్నట్టు, జరుగుతున్న వేళకే వస్తుంది. ముందుకు జరపడానికి వీల్లేదు, నచ్చనిది దాటేయడానికి వీల్లేదు. అమెరికాలో డల్లాస్ గడియారం వేసవిలో మన గడియారానికి పదిన్నర గంటలు వెనక ఉంటుంది. అంచేత అక్కడి తెలుగింట్లో రాత్రి 8.25కు అన్నాలు వడ్డించుకునే వేళకు మరునాటి ఉదయపు సంస్కృత వార్తలు మొదలవుతాయి, కంచాలు తీసే లోపు తెలుగు వార్తలు వస్తాయి. సాయంత్రం ఆరున్నరకు కృష్ణా డెల్టా రైతుకు చెప్పే సుడిదోమ కబుర్లు అక్కడ పొద్దున 8 గంటలకు, ఆఫీసుకు బయల్దేరిన కారులో వినపడతాయి.